చలికాలము నిద్రించిన మోటారు సైకిలు

గత నెలలలో ఈ పుటలలో కుట్టుమిషనుకు నూనె పెట్టుట గుఱించియు, నీళ్ల మోటారుకు గాలి పట్టినపుడు చేయవలసిన పని గుఱించియు ముచ్చటించితిమి. ఈ మాఱు మోటారు సైకిలు మాట యెత్తుచున్నాము. "ఇది మగవారి సరకు గదా, మాకేల?" యని కొందఱు పుట త్రిప్పవచ్చును. త్రిప్పవలదని మనవి. మగవారు ఊర లేని వేళ వాకిట నిలిచియున్న బండి కదలక మొరాయించినచో ఆ యిక్కట్టు ఎవరి నెత్తిన బడునో మీకు మేము చెప్పఁబనిలేదు. నేఁడు బండి నడుపు ఆఁడువారికిఁ గొదువ లేదు. ఆఁగిన బండి యెందుల కాఁగినదో విప్పి చూచెడివారు మాత్రము వేళ్లపై లెక్కింపఁదగి యున్నారు. మొన్న ఫాల్గుణమాసము వఱకు మేమును ఆ లెక్కలో లేము.

మంచు గురియు దేశములలో ఇది యేఁటేఁట జరుగు తంతు. కెనడాలోను, అమెరికా ఉత్తర రాష్ట్రములలోను మోటారు సైకిలును కార్తికమాసమున కొట్టములోఁ బెట్టి, చైత్రమున మరల వెలికిఁ దీయుదురు. మన మైదానములలో అట్టి చలి లేదు గాన ఆ యలవాటును లేదు. కాని తెలుఁగు దేశమంతయు మైదానము గాదు. నర్సీపట్నమునుండి చింతపల్లికిఁ బోవు ఘాటుదారిలో లంబసింగి యను పల్లె గలదు. సముద్రమట్టమునకు సుమారు 3000 అడుగుల యెత్తున నున్నది. 2022లో జిల్లాలు విడిపోయిన నాఁటినుండి అది అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. మార్గశిర పుష్యమాసములలో అచటి చలి సున్న డిగ్రీల దగ్గఱకు దిగిన దినములు కలవు. ఆ యూరికి కొర్రబయలు అను పేరును గలదు. రాత్రి బయట నిలిచిన మనిషి తెల్లవాఱుసరికి కఱ్ఱవలె బిగిసిపోవునని దానికి అర్థము చెప్పుదురు. చలికంటె అచట మంచు తేమ ఎక్కువ బాధ. ఉదయము తొమ్మిది గంటల వఱకు చెట్లనుండి వానవలె నీరు కాఱుచుండును. ఇనుము, తోలు, బట్ట, ఏదియు ఆ తేమకు దాఁగఁజాలదు.

మా పినతల్లి కూఁతురు ఆ ప్రాంతమున ఆరోగ్య ఉపకేంద్రములో నర్సు. కొండమీఁది పల్లెలకుఁ బోయి గర్భిణులను చూచుట, పసిబిడ్డలకు టీకాలు వేయుట ఆమె పని. దసరా దినములలో పురిటికై మా యింటికి వచ్చి, బిడ్డ నెత్తుకొని ఉగాదికి వారము ముందు మరల ఉద్యోగమునకుఁ బోయెను. భర్త నర్సీపట్నమున పనిచేయుచు ఆదివారము మాత్రము వచ్చి పోవువాఁడు. పసిబిడ్డను చూచుకొనుటకు మేము తోడు వెళ్లితిమి. ఆమె చేరిన దినము శుక్రవారము. బుధవారము టీకాల దినము. మంచుగడ్డల పెట్టెలో టీకాసీసాలు పెట్టుకొని మూఁడు పల్లెలు తిరుగవలయును. తట్టు టీకాసీసాను ఒకమాఱు కలిపినచో 4 గంటలలోపల వాడవలయును; మిగిలినది పాఱవేయుటయే. అందుచే ఆమె ఏ పల్లెకు ఎప్పుడు చేరుననునది చిన్న విషయము గాదు. నడచినచో ఒక పల్లె మాత్రమే సాధ్యము. ఆమె లేని నెలలలో ప్రక్క కేంద్రపు నర్సు రెండు చోట్లను చూచుకొనుచు రాఁగా, పై పల్లెలో కొందఱు బిడ్డలకు టీకాలు తప్పిపోయినవఁట.

ఇఁక బండి. పదునాలుగేండ్ల నాఁటి చిన్న మోటారు సైకిలు. ఇంటి వెనుక రేకుల పాకలో, ప్రక్క స్టాండు మీఁద ఒరిగి, అయిదున్నర నెలలు అట్లే యున్నది. పోవునపుడు ఆమెకు నెలలు నిండుచుండెను. బండి సంగతి యెవరికిఁ దలఁపునకు వచ్చును? కప్పిన ప్లాస్టిక్కు పట్ట తీయఁగానే లోపలి తేమ మొగమునకుఁ గొట్టెను. చైను ఎఱ్ఱగాఁ దుప్పు పట్టియున్నది. సీటు మీఁద తెల్లని బూజు. ముందు చక్రము గాలి లేక నేల కంటుకొని యున్నది.

ప్రక్కింటి కుఱ్ఱవాఁడు, మంచివాఁడే, పరుగెత్తివచ్చి "నర్సమ్మగారూ, దిగుడు దారిలో తోసి గేరు వేసితే అదే పలుకుతుంది" అనెను. మాకును అది సులువుగాఁ దోఁచినది. మా చెల్లెలు ఒప్పుకొనలేదు. బ్రేకు పట్టునో పట్టదో తెలియని బండిని ఘాటుదారిలో దొర్లించుట యేమి పని? అదియుఁ గాక, ట్యాంకులో తుప్పు నీరు చేరియున్నచో, త్రోసి త్రోసి ఆడించినకొలఁది ఆ మురికి యంతయు ఇంజనులోనికిఁ బోవును. వెనుకటి ఉద్యోగపు చోట బండ్లు బాగుచేయు ముసలి మేస్త్రీ యొకఁడు ఆమెకు చెప్పిన మాట యొకటి గలదఁట: చాల దినములు నిలిచిన బండిని ముందు తన్నరాదు, ముందు చూడవలయును. మేము చూచుట మొదలిడితిమి.

గాలి వడపోసెడి డబ్బా, అనఁగా ఎయిర్ ఫిల్టరు మూత విప్పఁగా అందు ఎలుక పేర్చిన దూదియు, చింకిగుడ్డలును, నాలుగు వేరుసెనగ తొక్కలును కనఁబడెను. సైలెన్సరు నోట కందిరీఁగ మట్టిగూడు కట్టియున్నది. ఊపిరి పీల్చు ద్వారమును, విడుచు ద్వారమును రెండును మూసికొనిపోయినవి. ఇఁక తన్నినంత మాత్రమున బండి యెట్లు పలుకును? ఎలుక తీగలు కొఱికినదేమో యని సీటు క్రింద దీపము పెట్టి వెదకితిమి. దైవవశమున ఒక్క తీగ పైతొడుగు మాత్రమే కొఱుకుడుపడినది. దానికి నల్లటేపు చుట్టితిమి.

పెట్రోలు గుఱించి కొంచెము వివరముగాఁ జెప్పవలసియున్నది, ఏలయన నిలిచిన బండికి సగము రోగము అందే యుండును. పెట్రోలు ఒక్క వస్తువు గాదు; తేలికవియు, బరువైనవియు అనేక ద్రవముల కలయిక. నిలువయున్నకొలఁది తేలిక భాగము ఆవిరియై పోవును. చలిలో ఇంజను పలుకుటకు ఆ తేలిక భాగమే ప్రాణము. మిగిలినది గాలితోఁ గలసి మెల్లఁగా జిగురగును. తాజా పెట్రోలు వాసన చుఱుక్కుమని ముక్కున కెక్కును. పాఁతది పులిసిన వార్నీసు వాసన కొట్టును. ఇటీవల మన దేశమున పెట్రోలులో నూటికి 20 పాళ్ల వఱకు ఇథనాలు అను సారాయి జాతి ద్రవమును కలుపుచున్నారు. అది గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ మితిమీఱినచో ఆ నీరును, ఇథనాలును పెట్రోలునుండి విడివడి ట్యాంకు అడుగునకు దిగును. ఇంజనుకు గొట్టము పోవునది అడుగునుండియే గదా! కావున బండి మొదట త్రాగునది పెట్రోలు గాదు, ఆ నీళ్లు. సగము నిండిన ట్యాంకు మఱింత ప్రమాదము. పై సగములోని గాలి రాత్రి చల్లఁబడి లోపలి గోడలపై మంచుబిందువులై నిలుచును, అందుండి తుప్పు.

ఈ పని వాకిట బయట చేసితిమి. వంటయింటి పొయ్యి ఆర్పించితిమి. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువు; నేలవెంట ప్రాఁకిపోయి దూరపు నిప్పు నందుకొనఁగలదు. దేవుని దీపమునుగూడ ఆ పూఁట కొంతసేపు కొండెక్కించితిమి; ఆయన కోపగించుకొనఁడు. ట్యాపునుండి గొట్టము ఊడఁదీసి, పెట్రోలును గాజుసీసాలోనికి దింపి వెలుఁగునకుఁ బట్టి చూచితిమి. పైన పసుపుపచ్చని ద్రవము, అడుగున వేలెడు మందమున వేఱొకటి, అందులో ఎఱ్ఱని తుప్పు నలుసులు. సీసా కుదిపినచో ఆ అడుగుభాగము గోళీలవలె విడిపోయి మరల ఒక్కటియగుచుండెను. మా చెల్లెలు దాని నెత్తిచూపి, తోసి పలికించుదమన్న కుఱ్ఱవానివంక చూచి నవ్వెను. ఆ పాఁత పెట్రోలును కాలువలోఁగాని, నూతిదగ్గఱఁగాని పోయరాదు. మూతగల డబ్బాలో పోసి మేస్త్రీ కిచ్చి పంపితిమి. ట్యాంకును కొలఁది క్రొత్త పెట్రోలుతో రెండుమాఱులు కడిగి, మూఁడవమాఱు కలకలలాడు తేట వచ్చినపిదప నింపితిమి.

బ్యాటరీని చింతపల్లికిఁ బోవు బస్సులో దుకాణమునకుఁ బంపితిమి. ఊడఁదీయునపుడు ముందు నల్లతీగను, పిదప ఎఱ్ఱతీగను విప్పవలయును. బిగించునపుడు ముందు ఎఱ్ఱది. 12 వోల్టుల బ్యాటరీ నిండుగా నున్నపుడు 12.6కు పైన చూపును. ఇది 11.2 చూపెను. వట్టిగా నుంచినను బ్యాటరీ తనంతఁ దానే కొంచెము కొంచెముగా దిగుచుండును. దిగిన స్థితిలో నెలలతరబడి యుంచినచో లోపలి సీసపు పలకలమీఁద గట్టి పొర పేరుకొని మరల నిండు శక్తిని పట్టనీయదు. మెల్లఁగా నింపుట మేలు: 5 ఆంపియరు గంటల బ్యాటరీకి అర ఆంపియరు చొప్పున, ఒక రాత్రి. తొందరలో పెద్ద శక్తితో నింపి వేఁడెక్కించి చంపెడి దుకాణములు ఉన్నవి గాన, ఈ మాట చీటీ వ్రాసి పంపితిమి. మా బండికి కిక్కు గలదు, నిప్పురవ్వ పుట్టుటకు బ్యాటరీతో నిమిత్తము లేదు. కావున అది తిరిగివచ్చువఱకు పని ఆఁగలేదు.

ప్లగ్గు విప్పి, ఆ రంధ్రములో ఇంజను నూనె నాలుగు బొట్లు వేసి, కిక్కును చేతితో మెల్లఁగా పదిమాఱులు నొక్కితిమి. నెలలుగా నూనె జాఱిపోయి లోపలి గోడలు పొడిగా నుండును; ఆ పొడిగోడలమీఁద ఒక్కుమ్మడి నిప్పు రాఁజేసి ఆడించుట, చమురు పెట్టని రోకటి బండవలె అరుగుటకే. ప్లగ్గు మసిని పాఁత పండ్లబ్రష్షుతోఁ దోమితిమి.

ఇఁక పలికించుటయే తరువాయి. ప్రక్కింటి కుఱ్ఱవాఁడు పాకలోనే కిక్కుమీఁద కాలు పెట్టెను. అపుడు మా చెల్లెలు చేసిన కేక మా చెవులలో నింకను నున్నది. పాకకును, బిడ్డ నిద్రించుచున్న గదికిని నడుమ తడిక గోడ మాత్రమే. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు అను వాయువు గలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా నెత్తురు నంటి, దాని చోటు నాక్రమించును. మొదట తలనొప్పి, తల తిరుగుట, వాంతి. నిద్రలో నున్నవారికి అవియుఁ దెలియవు. చలికొండలలో నున్న సోదరీమణులు దీనిని మఱియొక విధముగాను జ్ఞాపకముంచుకొనవలయును. తలుపులు బిగించుకొని పడకగదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొన్నను పుట్టునది ఈ వాయువే. మేము ఆ కొండమీఁద చేరిన రాత్రియే బాలింత చలికి ఓర్వదని పొరుగామె ప్రేమతో కుంపటి తెచ్చి యిచ్చినది. దానిని వసారాలో నుంచి, గదిలో కంబళ్లు పెంచితిమి. కొంచెము నొచ్చుకొన్నది గాని కారణము చెప్పఁగా విన్నది.

బండిని నడివాకిటికిఁ దోసి, చోకు లాగి, కిక్కు కొట్టితిమి. ఏడవ దెబ్బకు పలికినది! మాకు కలిగిన సంతోషము చెప్పఁదరము గాదు. కాని చోకు మూయఁగానే రెండు దగ్గులు దగ్గి చచ్చినది. మరల కొట్టిన మరల అంతే. చోకు లాగినంతసేపు ఆడును, మూసిన ఆఁగును. ఆదివారము సాయంకాలము వఱకు ఇదే కథ. భర్త బస్సు వేళ యైనదని నర్సీపట్నమునకుఁ బోయెను. పోవుచు "ఈ బుధవారానికి నడిచే పోదువులే" అనెను. ఆమె పలుకలేదు.

ఈ గుర్తు జ్ఞాపకముంచుకొనుఁడు, ఇది నిలిచిన బండ్ల కందఱికంటె సామాన్యమైన రోగము. కార్బ్యురేటరులో పెట్రోలు కొలిచి పంపు ఇత్తడి మొలలు రెండు గలవు, వీనిని జెట్టులందురు. పెద్దది వేగముగాఁ బోవునపుడు పనిచేయును. చిన్నది, పైలట్ జెట్టు, నిలిచి మెల్లఁగా ఆడునపుడు. దాని నడిమి రంధ్రము తలవెండ్రుకకంటె కొంచెమే లావు, అర మిల్లీమీటరు గూడ నుండదు. నెలలుగా నిలిచిన పెట్రోలు ఆవిరియై జిగురు మిగిలినచో మొదట మూసికొనిపోవునది అదే. చోకు లాగినపుడు గాలి తగ్గి, పెట్రోలు వేఱు త్రోవను వచ్చును గాన బండి పలుకును; మూయఁగానే పస్తు.

సోమవారము ఉదయము బిడ్డను నిద్రపుచ్చి, కార్బ్యురేటరు విప్పి అడుగు గిన్నె తీసితిమి. గిన్నె అడుగున బెల్లపు పాకమువంటి గోధుమరంగు జిగురు. పైలట్ జెట్టును ఆకాశమునకుఁ బట్టి చూచితిమి; వెలుఁగు కనఁబడలేదు. మా చేయి తనంతఁ దానే కుట్టుసూది కొఱకుఁ బోయినది. పంపు స్టవ్వు కాలమున పెరిగిన వారము. మంట తగ్గినపుడెల్ల పిన్ను పెట్టి పొడుచుట మాకు వెన్నతోఁ బెట్టిన విద్య. "సూది వద్దక్కా! అది స్టవ్వు కాదు. కన్నం పెద్దదైతే ఇక ఎప్పటికీ కొలత కుదరదు" అని ఆమె మా చేయి పట్టుకొనెను. నిజమే. ఇత్తడి మెత్తనిది, సూది ఉక్కు. రంధ్రము రవంత పెరిగినను పెట్రోలు ఎక్కువపోయి, ప్లగ్గు మసిబారి, ఖర్చు పెరుగును. ఆమె ఆ జెట్టును పెట్రోలులో రెండు గంటలు నానఁబెట్టి, సూది లేని క్రొత్త సిరంజి నొకదానిని తీసి, దాని మూతిని జెట్టుకు ఆనించి పెట్రోలు చిమ్మెను. మొదటి రెండు చిమ్ములకు ఏమియు రాలేదు. మూఁడవదానికి ఒక నల్లని నలుసు ఊడి పడి, వెనుక నుండి దారమువంటి ధార తిన్నఁగా ఎగసెను. పెట్రోలుకు సిరంజి రబ్బరు ఉబ్బును గాన అది ఆ పనికే ఆఖరు. పిదప సైకిలు పంపుతో గాలి కొట్టి, మరల వెలుఁగునకుఁ బట్టఁగా చిన్న నక్షత్రమువలె రంధ్రము కనఁబడెను.

ఇత్తడి రంధ్రము మాట వచ్చినది గాన ఒక స్త్రీని తలఁపక పోలేము. ఇంగ్లండులో 1909లో జన్మించిన బియాట్రిస్ షిల్లింగ్ అను ఇంజనీరు మోటారు సైకిలు పందెములందు పేరు వడసినది. 1934లో బ్రూక్లండ్సు పందెపు బాటమీఁద గంటకు 106 మైళ్ల వేగముతో చుట్టు తిరిగి బంగారు నక్షత్రపు బిళ్ల పొందినది. యుద్ధకాలమున బ్రిటిషు విమానములు ఒక్కసారి ముక్కు వంచి దిగినపుడు కార్బ్యురేటరులో పెట్రోలు ఎగఁదన్ని ఇంజను దగ్గి ఆఁగుచుండెను; వెంబడించు శత్రువిమానము తప్పించుకొనుచుండెను. 1941లో ఆమె కనిపెట్టిన మందు ఏమనుకొన్నారు? నడుమ లెక్కప్రకారము రంధ్రము గల చిన్న ఇత్తడి బిళ్ల. విమానము విప్పకయే గొట్టములో అమర్పవచ్చును. తన పరివారముతో విమానస్థావరముల వెంటఁ దిరిగి వానిని పెట్టించినది. స్వయముగా మోటారు సైకిలుమీఁదనే తిరిగినదఁట. కొలత తప్పని రంధ్రము విలువ యెంతయో ఆమె కంటె తెలిసినవా రుండరు.

జెట్టు బిగించి, చోకు లాగి, కొట్టఁగా మూఁడవ దెబ్బకు పలికెను. నిమిషము గడచినపిదప ఆమె చోకు మూసెను. బండి ఒకమాఱు తడఁబడి, నిలఁద్రొక్కుకొని, డబ డబ మని ఆడుచునే యుండెను. లోపల బిడ్డ లేచి యేడ్చుచున్నను క్షణకాలము మే మెవ్వరము కదలలేదు.

ఇంజను పలికినంతమాత్రమున బండి సిద్ధమైనదని యనుకొనుట పెద్ద పొరపాటు. పలుకని బండి ఎవరి ప్రాణమును తీయదు. పలికి, ఆఁగని బండి తీయును. తేమలో నిలిచిన బండికి డ్రమ్ము బ్రేకుల లోపల సన్నని తుప్పు పట్టి, ఒక్కొకప్పుడు గట్టిగాఁ గఱచుకొనును, ఒక్కొకప్పుడు పట్టనే పట్టదు. తీగలు లోపల బిగిసియుండును. ముందుబ్రేకు పిడి నొక్కి విడువఁగా, అది తిరిగి రాలేదు. తీగ పై కొసనుండి నూనె బొట్టుబొట్టుగా దించి, పదేపదే నొక్కఁగా మధ్యాహ్నమునకు కదలిక వచ్చినది. క్లచ్చి మాటయు నట్లే. లోపలి పలకలు ఒకదాని కొకటి అంటుకొని యున్నచో, క్లచ్చి పట్టి గేరు వేసినను బండి దూఁకును. అందుచే ఇంజను ఆపి, గేరు వేసి, క్లచ్చి పట్టి ముందుకు వెనుకకు ఊఁపి, చక్రము సులువుగాఁ దిరుగునట్లయిన పిమ్మటనే ఎక్కవలయును.

చైనును కిరసనాయిలుతోఁ గడిగి, తుడిచి నూనె పెట్టితిమి. ఈ పని ఎన్నఁడును ఇంజను ఆడుచుండఁగాఁ జేయరాదు. చక్రము చేతితోఁ ద్రిప్పుకొనుచు చేయవలయును. తిరుగు చైనుకు గుడ్డ తగిలిన వ్రేలిని గూడ లాగుకొనిపోవును. పమిటచెంగు సంగతి చెప్పనేల. నూనె పెట్టినపిమ్మట క్రింది చైనును నడుమ పట్టి పైకి క్రిందికి కదపఁగా సుమారు అంగుళము ఆట ఉండవలయును. బండి వేఁడిగా నున్నపుడే ఇంజను నూనె దింపితిమి. అది మజ్జిగ కలిపిన కాఫీవలె తెల్లనై యుండెను. నీరు చేరినదనుటకు అదే గుర్తు. సుమారు లీటరు క్రొత్తనూనె పట్టినది. ఏ నూనె పోయవలయునో, చక్రములకు గాలి యెంతయో బండితో వచ్చిన చిన్న పుస్తకములో నుండును. ఆ పుస్తకమును పెండ్లి పత్రికల కట్టలో పడవేయక బీరువాలో దాఁచుఁడు. చక్రపు రబ్బరు ప్రక్కలలో బీటలున్నవేమో చూడవలయును. అచటనే నాలుగంకెల ముద్ర యొకటి కనఁబడును: మొదటి రెండు వారము, చివరి రెండు సంవత్సరము, అది తయారైన కాలము. మా వెనుక చక్రము ముద్ర చూచి, మఱుసటి నెల జీతములో దానికి సొమ్ము తీసియుంచవలెనని నిశ్చయించితిమి.

మీ బండి 2020 ఏప్రిలు తరువాత తయారైనదైనచో అందు చాలవఱకు కార్బ్యురేటరు ఉండదు. ఆ యేఁటినుండి వచ్చిన పొగ నిబంధనలకు లోఁబడి బండ్లు చాలవఱకు ఇంజెక్షను పద్ధతికి మారినవి. వానికి పెట్రోలు పంపునది విద్యుత్ పంపు గాన బ్యాటరీ చచ్చినచో కిక్కు కొట్టినను లాభము లేదు. అట్టిదానికి బ్యాటరీయే మొదటి పని. ఇంజెక్టరు జోలికి ఇంట పోవలదు, దానిని యంత్రముతోఁ గడుగువారు వేఱుగా నున్నారు. తక్కిన చక్రములు, బ్రేకులు, చైను, ఎలుకలు అన్ని బండ్లకును సమానమే.

పురిటికో, యాత్రకో, అమెరికాలోని బిడ్డ యింటికో నెలలతరబడి పోవువారు పోకముందు అరగంట వెచ్చించినచో ఇంత పాటు లేదు. ఇనుప ట్యాంకును అంచుల వఱకు క్రొత్త పెట్రోలుతో నింపుఁడు. గాలికిఁ జోటు లేనిచోట తుప్పునకుఁ జోటు లేదు. ట్యాపు కట్టి, ఇంజను దానంతఁ దాను ఆఁగువఱకు ఆడనిచ్చినచో కార్బ్యురేటరు గిన్నె ఖాళీయగును. బ్యాటరీ ఊడఁదీసి పొడిచోట నుంచి, నెలకొకమాఱు నింపించుఁడు. నడిమి స్టాండు వేసి నిలుపుఁడు. ప్లాస్టిక్కు పట్ట వలదు. గాలి యాడెడి పాఁత దుప్పటి మేలు. సైలెన్సరు నోట గుడ్డ కుక్కినచో కందిరీఁగ చేరదు గాని, ఆ సంగతి చీటీ వ్రాసి పిడికి కట్టుఁడు, లేనిచో మఱచి తన్నుచు కూర్చుందురు. బీమా కాగితము, పొగ పరీక్ష కాగితము నడుమ గడువు తీఱునేమో చూచుకొనుఁడు. మా చెల్లెలి బండికి పొగ కాగితము సంక్రాంతినాఁడే గడువు తీఱినది. మంగళవారము చింతపల్లిలో బ్యాటరీ తీసికొని, ఆ పనియు ముగించుకొని వచ్చినది. అదియే పరీక్ష ప్రయాణమును ఐనది. మొదటి రెండు మలుపులు మెల్లఁగా దిగి, రెండు బ్రేకులును విడివిడిగాఁ బట్టి చూచుకొన్న పిమ్మటనే ముందునకుఁ బోయితినని చెప్పెను.

బుధవారము తెల్లవాఱినను మంచు విడలేదు. ఆమె బిడ్డకు పాలిచ్చి, మా చేతి కిచ్చి, టీకాల పెట్టెను వెనుక సీటుకు రెండు త్రాళ్లతో బిగించినది. రెండవ దెబ్బకు బండి పలికెను. దీపము వెలుఁగు మంచులో పది బారల దూరమే పోయెను. శబ్దము మాత్రము రెండవ మలుపు దాఁక వినఁబడి, పిదప కొండ ప్రక్కకుఁ దిరిగి సన్నగిల్లెను. బిడ్డను భుజముపై వేసికొని వసారాలో చాలసేపు నిలుచుంటిమి.

మధ్యాహ్నము మూఁడు గంటలకు వచ్చినది. మూఁడు పల్లెలును ముగిసినవి. పై పల్లెలో వెనుకటి నెలలలో తప్పిపోయిన బిడ్డలు తొమ్మండుగురు. ఎనమండుగురికి వేసినది, ఒకరికి జ్వరముగా నున్నందున వచ్చే బుధవారమునకుఁ జెప్పివచ్చినది. మంచినీళ్లు త్రాగి, బిడ్డను తీసికొని, వెనుక బ్రేకు మలుపులలో ఇంకను కూయుచున్నదని చెప్పెను. మఱునాఁటి ఉదయము ఆ చక్రము విప్పితిమి.